రెండో డ్రైవ్

నాకు ముక్కు మీద కోపం. ఆత్మకూరు బజార్లో మా అన్న హోల్‌సేల్ కొట్టుకు వచ్చేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. "చిన్నశెట్టి కూర్చోనుంటే ధర అడగబాకండి, పెద్దాయన వచ్చిందాకా ఆగండి" అనుకుంటారు. ధర అడిగితే కోపం దేనికంటారా? అడిగినవాడు కొనడు, అందుకు.

అలాంటి నేను మస్తాన్ పోయిన దగ్గర్నుంచి ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అతని గుండె ఆగిపోయిందని ఫోన్ వచ్చినప్పుడు సరేనని పెట్టేశాను. గోరీల దొడ్డిలో గుంట మీద మూడు గుప్పిళ్ళు మట్టి వేసి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని బస్సెక్కాను. "బెల్లం కొట్టిన రాయి మాదిరి కూర్చోనుండావేందిరా, ఒకసారి ఏడిస్తే పోతాది గదా" అని మా అన్న రోజూ అంటున్నాడు. ఏడుపు రావట్లేదు, ఏం చేయను?

నేనూ మస్తానూ పాత మినీ కంప్యూటర్లు బాగుచేసే ఇంజనీర్లం. ఒకప్పుడు నూలు మిల్లుల్లో, బ్యాంకుల్లో బీరువాలంత కంప్యూటర్లు ఉండేవి. వాటి పక్కన వాషింగ్ మెషిన్ అంత డిస్క్ డ్రైవ్. పై మూత ఎత్తి లోపల డిస్క్ ప్యాక్ పెట్టాలి. అందులో పళ్ళేలు గిర్రున తిరుగుతాయి, వాటి మీద హెడ్లు గాలిలో తేలుతూ చదువుతాయి. ఆ సందులో వెంట్రుక కూడా పట్టదు. రవ్వంత దుమ్ము పడిందంటే హెడ్ పళ్ళేన్ని గీరేస్తుంది. ప్యాక్ పోయినట్టే.

అప్పుడు ప్రతి తెలివైనవాడికీ ఒకే బుద్ధి పుడుతుంది. తప్పు ప్యాక్‌దో డ్రైవ్‌దో తేల్చడానికి ఆ ప్యాక్‌ను తీసి పక్క డ్రైవ్‌లో పెట్టి చూద్దామంటాడు. పెట్టాడంటే గీరుకుపోయిన పళ్ళెం అక్కడి మంచి హెడ్లను కూడా చెడగొడుతుంది. చెడిన ఆ డ్రైవ్‌లో ఇంకో మంచి ప్యాక్ పెడితే అదీ పోతుంది. ఒక మిల్లులో ఆపరేటర్ ఒకడు అలా ఒకదాని తర్వాత ఒకటి అన్నీ తగలేశాడు. ఆ మాట ఎవరి నోట వచ్చినా నేను ఒంటికాలి మీద లేచేవాణ్ణి. మస్తాన్ అరవడు. ప్యాక్ పట్టుకున్నవాడి మణికట్టు పట్టుకుని, "అమ్మోరు పోసిన గొర్రెని మందలోకి తోల్తారంట్రా? దా, టీ తాగొద్దాం" అనేవాడు. నిజం చెప్పాలంటే ఆ మణికట్టు ఎక్కువసార్లు నాదే. కోపం వస్తే నాకు తెలిసిందే నేను మరిచిపోతాను.

రిటైరయ్యాక, మూతపడిన మిల్లు నుంచి ఒక కంప్యూటర్ని ఇనుము ధరకు కొన్నాం. రెండు డ్రైవ్‌లు, రెండు ప్యాక్‌లు. ఉదయగిరి కొండ కింద పెంచలనరసయ్య గొర్రెల దొడ్డి పక్కన అతని షెడ్డులో పెట్టుకుని ఏళ్ళ తరబడి బాగుచేశాం. గొర్రెల దుమ్ము లోపలికి రాకుండా మస్తాన్ గుమ్మానికి గోనెసంచులు కట్టి, పని మొదలుపెట్టేముందు వాటి మీద బకెట్టు నీళ్ళు పోసేవాడు. రెండో డ్రైవ్‌కు హెడ్లు అతనే అమర్చాడు. అది సిద్ధమైన రోజున దాని మూత మీద తన టోపీ పెట్టి, "నేను చెప్పిందాకా దీన్ని ఎవురూ తెరవబాకండి, ముఖ్యంగా ఈ శెట్టి" అన్నాడు. తర్వాతి వారమే పోయాడు. టోపీ అక్కడే ఉండిపోయింది.

వానలు పడేలోపు షెడ్డు ఖాళీ చేయమని పెంచలనరసయ్య చెప్పేశాడు. గొర్రెపిల్లలకు చోటు కావాలి, అతన్ని తప్పుపట్టలేం. ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు మాత్రం, "మా కళ్ళముందు ఒక్కసారి ఇది డిస్క్ చదివితే కంప్యూటర్ని తీసుకెళ్ళి మీ ఇద్దరి పేర్లతో హాల్లో పెడతాం" అన్నారు. చదవకపోతే పాత ఇనుము లారీయే. మస్తాన్ భార్య షంషాద్ నన్ను ఒకటే అడిగింది. "ఆయన చేతిపని తూకానికి పోనీబాకన్నా" అంది. సరేనన్నాను.

మొన్న గురువారం కాలేజీ నుంచి శ్రీదివ్య అనే లెక్చరర్ వచ్చింది. చిన్నపిల్ల, మంచిపిల్ల. ఆ రోజు నేను గోనెలు తడపలేదు. మరిచిపోయి కాదు, తడపాలనిపించలేదు. బకెట్టు వంక చూశాను, మళ్ళీ ఇటు తిరిగాను.

మొదటి డ్రైవ్‌లో ప్యాక్ పెట్టి స్విచ్ వేశాను. బాగానే తిరిగింది. హెడ్లు పళ్ళేల మీదికి వెళ్ళాయి. టిక్కు టిక్కుమని సన్నగా చప్పుడైంది, కాలిన వాసన వచ్చింది, ఎర్ర లైటు వెలిగింది. ఆపేశాను. ఆ వాసన ఏమిటో నాకు తెలుసు.

"సార్, తప్పు ప్యాక్‌లో ఉండాదా, డ్రైవ్‌లో ఉండాదా? ఆ రెండో దాంట్లో పెట్టి చూస్తే తెలిసిపోతాది గదా సార్" అంది శ్రీదివ్య.

జీవితమంతా నేను గొంతు చించుకున్నది ఆ మాట మీదే. కోపం వస్తుందేమోనని ఆగి చూసుకున్నాను. రాలేదు. "చూద్దాం" అన్నాను.

ప్యాక్ తీశాను. నడిచాను. మస్తాన్ టోపీ తీసి స్టూలు మీద పెట్టాను. మూత ఎత్తి, ప్యాక్ బిగించి, స్విచ్ మీద వేలు పెట్టి కాసేపు నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో అప్పుడు తెలియలేదు. నా మణికట్టు ఎవరూ పట్టుకోలేదు. నొక్కాను.

హెడ్లు దిగగానే డ్రైవ్ కీచుమంది. పలక మీద మేకు పెట్టి గీసినట్టు పొడుగ్గా, ఆగకుండా. మస్తాన్ భూతద్దం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి అమర్చిన హెడ్లు అవి. ఆ కీచులోనే నాకు స్పృహ వచ్చింది. స్విచ్ కట్టేసి అరిచాను.

"ఏడ చచ్చినావురా మస్తాన్. పట్టుకోవాల గదరా నన్ను. నా సంగతి నీకు తెలవదా? తెలిసి తెలిసి ఒక్కణ్ణి వదిలేసి పోతావంట్రా, దొంగ సచ్చినోడా."

దొడ్డిలో గొర్రెలు బెదిరి ఒక మూలకు చేరాయి. పెంచలనరసయ్య గుమ్మం దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. నేను స్టూలు మీది టోపీ తీసుకుని ముఖానికి అదుముకుని ఏడ్చాను. ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. సిగ్గేమీ అనిపించలేదు.

శ్రీదివ్య పాపం బిక్కచచ్చిపోయింది. నాకేదో ఒక సాయం చేయాలని చూసి, అల్మారాలో ఉన్న రెండో ప్యాక్ తీసి చేత్తో పట్టుకుంది. మాకు మిగిలిన మంచి ప్యాక్ అదొక్కటే. "ఏడవబాకండి సార్. ఇది పెట్టి చూద్దామా?" అంటూ డ్రైవ్ వైపు నడిచింది.

తిట్లన్నీ నాలుక చివరికి వచ్చాయి. ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నాయో, అన్నీ ఒక్కసారే వచ్చాయి. నేను లేచి ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాను.

"వద్దమ్మా" అన్నాను. "అమ్మోరు పోసిన గొర్రెలుండే దొడ్డిలోకి మంచిదాన్ని తోల్తారా? దా, టీ తాగొద్దాం."

ప్యాక్ ఆమె చేతిలోంచి తీసుకుని మళ్ళీ అల్మారాలో పెట్టాను. దాన్ని షంషాద్‌కు ఇచ్చి, జరిగింది నా నోటితోనే చెప్పాలి. లారీకి నేనే ఫోన్ చేయాలి.

బయటికి వస్తూ బకెట్టెడు నీళ్ళు తెచ్చి గుమ్మం గోనెల మీద పోశాను. మూలమూలకూ తడిసేలా పోశాను.

"ఇంకెందుకు శెట్టిగారూ, అంతా అయిపాయె గదా" అన్నాడు పెంచలనరసయ్య.

"నీకెందుకయ్యా, నోరు మూసుకో" అన్నాను.