మిట్టమధ్యాహ్నం గరుమాలు

ఎర్మిండాకు ఒళ్లు మండిపోతోంది. సముద్రపు ఒడ్డున చేపలమ్ముకునే మనిషి, ఇక్కడ రోడ్డు వేస్తున్నారని తెలిసి, ఎవరిదో లారీ ఎక్కి నలభై కిలోమీటర్లు ఎడారిలోకి వచ్చింది. నేల చదును చేసే యంత్రానికి అడ్డంగా నిలబడింది.

“ఆపవయ్యా! గరుమాలు గుడ్లు పెట్టే చోటిది!”

డ్రైవరు నిబాల్దో తల బయటపెట్టాడు. “సముద్రపు పక్షికి ఇక్కడేం పని అత్తా? నీళ్లచుక్క లేదు. ఎండదెబ్బ గానీ తగిలిందా?”

“నీ మొహం! పగలు జంటలో ఒకటి అలల్లో పీతలేరుకోడానికి పోతుంది, రెండోది గుడ్లకి నీడగా నిలబడుతుంది.”

“అదంతా నాకు తెలీదు. ఇదిగో సర్వే కాగితం, చూస్కో.”

‘పక్షులు లేవు. చుట్టుపక్కలవాళ్లు కూడా అదే చెప్పారు.’ కింద సంతకాలున్నాయి. మూడోది ఎర్మిండాదే.

ఆమె కోపం తన మీదికే తిరిగింది. గుడ్ల దొంగలు అంతా ఊడ్చుకుపోయిన ఏడాది నుంచి వాళ్ల రేవులో ఒకటే కట్టుబాటు, గూళ్లెక్కడున్నాయో పరాయివాళ్లకు చెప్పకూడదని. పోయిన చలికాలం సర్వేవాడు వచ్చి అడిగితే, ఎడారిలో పక్షులేంటి బాబూ అన్నారందరూ. వాణ్ణి బాగా బురిడీ కొట్టించామని నవ్వుకున్నారు కూడా. ఎంత తెలివితక్కువ మంద, తనతో సహా!

“సరే, ఏవీ? చూపించు,” అన్నాడు నిబాల్దో.

ఆమె చూపించింది. బూడిదరంగు నేల, బూడిదరంగు రాళ్లు. గరుమాలకీ ఒళ్లంతా అదే రంగు, తల మాత్రం కాస్త వెలిసినట్టుంటుంది, ముక్కూ కాళ్లూ నలుపు. తెలిసిన కంటికి తప్ప ఆనవు.

“అవి రాళ్లత్తా. పక్కకి జరుగు.” యంత్రం మళ్లీ గుర్రుమంది.

పక్షుల్ని లేపితే తప్ప వీడు నమ్మడు. లేపితే ఈ ఎండకు గుడ్లు ఉడికిపోతాయి. కోపంతో ఏడుపొచ్చింది ఎర్మిండాకు. “దరిద్రుడా!” అని అరుస్తూ, చేతులు చరుస్తూ గూళ్ల మధ్యకు పరిగెత్తింది.

వందల పక్షులు ఒక్కసారిగా లేచాయి. రెక్కల వెనకంచున తెల్లగీతలు తళుక్కుమన్నాయి. నిబాల్దో ఇంజను ఆపేశాడు.

“అయ్యబాబోయ్, ఇన్నా!”

“చూశావుగా! ఫొటో తీసి మీవాళ్లకి పంపించు. ముందు బండి వెనక్కి తియ్యి!”

యంత్రం వెనక్కి పోయింది. పక్షులు మాత్రం దిగలేదు, ఆమె తలమీదే అరుస్తూ తిరుగుతున్నాయి. వంగి ఒక గుడ్డు తాకింది. అప్పటికే వేడెక్కింది. తను ఉన్నంతసేపూ అవి దిగవని అప్పుడు తట్టింది ఎర్మిండాకు. తనను తానే నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ, గూళ్లు తొక్కకుండా, దూరంగా పరిగెత్తింది.