పాటపెట్టె బరువు

పొద్దున్నే షట్టరు ఎత్తడం, నేల ఊడవడం, సోల్డరింగు ఐరన్ ప్లగ్గులో పెట్టడం, అది వేడెక్కేలోగా టీ తాగడం. పెట్టెలావిడ రోజు ఇలాగే మొదలయ్యేది. అందరూ పెట్టెలావిడ, పెట్టెలావిడ అని పిలిచీ పిలిచీ, ఆవిడ అసలు పేరు కట్టుకున్నవాడికైనా గుర్తుందో లేదో. పాతకాలపు పాటపెట్టెలు, అంటే నాలుగు కాళ్ల మీద బీరువాని పడుకోబెట్టినట్టుండే రేడియోగ్రాములు, ఎవరింట్లో మూలపడి ఉన్నా వెతికి తెచ్చి బాగుచేసేది. మూత ఎత్తితే రికార్డు తిరిగే పళ్లెం, ముల్లు. ఎదర రెండు వైపులా గుడ్డ వెనక స్పీకర్లు, లావు శబ్దాలకి పెద్దది, సన్నవాటికి చిన్నది. లోపలి వైర్లు ఆవిడ చూసుకునేది, పైన చెక్కకి పాలిష్ పెట్టే పని మరిదిది.

బాగుపడిన పాటపెట్టెకి పాడుతున్నంతసేపూ బరువుండదు. అది అందరికీ తెలిసిందే. నలుగురు పట్టి మూలిగితే గానీ కదలని పెట్టె, పాట మొదలవగానే దూదిదిండులా లేస్తుంది. అందుకే కొనేవాళ్లెవరూ పాట ఎలా ఉందని అడగరు. వంగి, ఓ మూల కింద వేలు పెట్టి ఎత్తి చూస్తారు. లేస్తే బాగైనట్టు, లేవకపోతే "మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగి వెళ్లిపోతారు.

మేడలెక్కించడానికి కూలీలతో పనే లేదు. పొడుగాటి వైరు తగిలించి, రికార్డు పెట్టి, వదినా మరుదులు చెరో వైపూ పట్టుకుంటే చాలు. కాకపోతే దానికీ పద్ధతులున్నాయి. గంతులేసే పాట పెట్టకూడదు, పెట్టె కూడా గంతులేస్తుంది. రికార్డు ఒక వైపు అయిపోయేలోగా పైకి చేరాలి, చేరలేమనిపిస్తే మెట్ల మలుపులోనే దించేయాలి. ముల్లు ఎగిరిపోకుండా మెట్లెక్కడం మాటలతో వచ్చే విద్య కాదు. ఆ విద్యలో వాళ్లిద్దరినీ తలదన్నేవాళ్లు లేరు, ఆ సంగతి వాళ్లకీ బాగా తెలుసు.

అయితే ఏడాదిగా పెట్టెలావిడకి చెవులు మొరాయిస్తున్నాయి. ముందు పిచ్చుకల గోల పోయింది. తర్వాత కుక్కరు కూత పోయింది, ఆ తర్వాత వేణువు పోయింది. లావు శబ్దాలు నిలుస్తున్నాయి, సన్నవి జారిపోతున్నాయి. పాటపెట్టెలు బాగుచేసే మనిషికి చెవి పోతే ఇంకేం మిగిలింది? ఆ భయంతోనే ఎవరికీ చెప్పలేదు. ఎవరేమన్నా నవ్వి తలూపడం నేర్చుకుంది. "ఈమధ్య మా ఆవిడ నా మాటకి అస్సలు ఎదురు చెప్పట్లేదు" అని మొగుడు ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు, పాపం.

పసిగట్టింది పెట్టెలావిడ అక్క ఒక్కతే. ఆవిడ కాలేజీలో క్యాంటీను నడిపేది. "ఇంకెన్నాళ్లు దాస్తావే? నా దగ్గరికి వచ్చెయ్. కూరగాయలు తరగడానికి చెవులతో పనేముంది?" అంది.

"చూద్దాంలే అక్కా" అంది చెల్లెలు. అక్క మంచికే చెప్పిందని తెలుసు. అయినా తిన్నగా కొట్టుకొచ్చి సోల్డరింగు ఐరన్ ప్లగ్గులో పెట్టింది.

అప్పుడే పళ్ల డాక్టరుగారి పెట్టె వచ్చింది. వాళ్లమ్మ చిన్నప్పుడు విన్నదట, ఏళ్ల తరబడి కారు షెడ్డులో పడి ఉంది. పెట్టెలావిడ లోపలి కండెన్సర్లన్నీ మార్చింది, మరిది చెక్క మీద మొహం కనపడేలా పాలిష్ పెట్టాడు. కొట్లో పాట మొదలవగానే వేలు పెడితే లేచింది. మూడో అంతస్తుకి ఎక్కించడానికి బయల్దేరారు. ఆవిడ పై మెట్టు మీద ఎడమ కొస పట్టుకుంది, మరిది కింద కుడి కొస పట్టుకున్నాడు.

మొదటి అంతస్తు దాకా డోలు, ఓ లావుపాటి గొంతు. పెట్టె పువ్వులా నడిచింది. రెండో మలుపులో వేణువు అందుకుంది. అందుకున్నట్టు ఆవిడకి తెలియలేదు. కుడి కొస ఒక్కసారిగా కుంగి, మరిది భుజాన్ని గోడకేసి నొక్కేసింది. పాట ఆపితే మొత్తం బరువూ అతని మీదే పడుతుంది. ఆవిడ తన కొసని మెట్టుకి ఆనించి, మోకాలు అడ్డుపెట్టి, మూత ఎత్తి, రెప్పపాటులో ముల్లుని మళ్లీ మొదట్లో డోలు దగ్గర పెట్టింది. బరువు వదిలింది. అలా మరిది చెప్పినప్పుడల్లా, వేణువు రాకముందే ముల్లు వెనక్కి పెడుతూ, ఆ డోలు మీదే పెట్టెని కిందకి దించుకొచ్చారు.

కొట్లో కూచుని మరిది వాచిన భుజం మీద తడిగుడ్డ వేసుకున్నాడు. ఆవిడ మొహంలోకి చూస్తూ నెమ్మదిగా అడిగాడు. "వదినా, వేణువు రాగానే కుంగింది. కుడి పక్క చిన్న స్పీకరు అసలు పలకట్లేదు. నీకు తెలియలేదా?"

"లేదు. ఏడాదిగా సన్నవేవీ వినపడట్లేదు." అంతవరకు చెప్పి ఆవిడ ఏడ్చేసింది. చెవులు పోయినందుకు కాదు. దాచి, ఇంటి మనిషి ప్రాణం మీదకి తెచ్చినందుకు సిగ్గుతో ఏడ్చింది. "ఈ ఒక్క పెట్టె అప్పజెప్పి కొట్టు మూసేస్తాను. క్యాంటీనుకి వస్తానని అక్కకి చెప్పేస్తాను."

"మూసెయ్. నాకు వైర్లు రావు, మీ అక్క క్యాంటీనులో వంకాయలకి పాలిష్ పెడతాలే" అన్నాడు మరిది. ఆవిడకి ఏడుపులోనే నవ్వొచ్చింది. కానీ అతని బతుకు కూడా ఈ కొట్టులోనే ఉందన్నది నవ్వులాట కాదు.

మర్నాడు చిన్న స్పీకరుకి వెళ్లే కండెన్సరు మళ్లీ మార్చింది. మార్చింది సరే, పలుకుతోందో లేదో ఎవరు చెప్పాలి? అతను 'బాగానే ఉంది' అంటాడు. అతనికి బాగానే ఉన్నది ఆవిడకి ఎప్పుడూ సరిపోయేది కాదు. వేణువు రికార్డు పెట్టమంది. మోకాళ్ల మీద కూచుని, రెండు అరచేతులూ పెట్టె అడుగుకి ఆనించి, కళ్లు మూసుకుంది.

ఎడమచేతిలో ఏమీ లేదు. కుడిచేతిలో ఓ గుప్పెడు బియ్యమంత బరువు, తగ్గుతూ, మళ్లీ పెరుగుతూ ఉంది.

"వేణువు పైకి వెళ్తోంది కదూ?" అంది. "ఇప్పుడు దిగింది. మళ్లీ ఎక్కుతోంది. ఎక్కినప్పుడు కుడివైపు కాస్త బద్ధకిస్తోంది."

మరిది పాలిష్ గుడ్డ కింద పెట్టేశాడు. "అవును" అన్నాడు.

స్పీకరు తీగ ఒకటి తుప్పు పట్టిన చోట గీకి మళ్లీ అతికించింది. కుడిచేతిలో బియ్యం పోయాయి. అప్పుడు ఎడమచేతిలో ఓ చిన్న గిలి తగిలింది, ఆవగింజంత. చెవులు నిక్షేపంగా ఉన్న రోజుల్లో ఇలాంటిది ఏనాడూ పట్టుకోలేదు. వెతికితే వెనకచెక్కలో ఓ మర వదులుగా ఉంది. బిగించింది. పెట్టె ఆవిడ అరచేతులు వదిలి జానెడు పైకి లేచి, పాట అయ్యేదాకా దిగలేదు.

ఈసారి మెట్ల దగ్గర కింది కొస తనే పట్టుకుంది. వద్దంటే వినలేదు. మూడో అంతస్తులో డాక్టరుగారు వంగి, మూల కింద చిటికెనవేలు పెట్టి ఎత్తి చూశారు. "మా అమ్మ చెప్పినట్టే పాడుతోందండీ. వేణువు ఎంత సన్నగా, స్పష్టంగా వినపడుతోందో కదా."

"నాకు వినపడదండీ" అంది పెట్టెలావిడ, మామూలుగా. "చేతికి మాత్రం బాగుంది."

మర్నాడు పొద్దున అక్క కొత్త ఏప్రను చేత్తో పట్టుకుని కొట్టుకి వచ్చింది. చెల్లెలికి ఎదురుగా నిలబడి, వీధంతా వినేలా అరిచింది. "వస్తున్నావా లేదా?"

"అరవకక్కా, నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. అది ఇంకెవరికైనా ఇచ్చెయ్. నేను రాను" అంది పెట్టెలావిడ. అక్క కాసేపు సణిగి, టీ అడిగి, బల్ల మీద కూచుంది.

లోపల ఇంకో పెట్టె మూత తెరిచి, మరిది రికార్డులు తిరగేస్తున్నాడు. "ఏ పాట పెట్టమంటావు వదినా?"

"నీకు నచ్చింది పెట్టు. పాట నువ్వు విను, బరువు నేను చూస్తాను." ఆవిడ మోకాళ్ల మీద కూచుని రెండు చేతులూ పెట్టె కిందకి చాపింది.