ముందు మూయాలి, తర్వాత రాయాలి

షెతౌ అనే ఊళ్లో మేజోళ్ల కార్ఖానా ఇంటికి కోడలిగా వచ్చిన రోజు సియోచిన్ దగ్గరున్న పెట్టుబడి ఒక్కటే: నూలు వేళ్ల మధ్య జారనిస్తే చాలు, మిషను మీద దాని బిగువు ఎంతుండాలో చెప్పేసే నేర్పు. అత్తగారు మాత్రం ఆమెకు, మిషన్లు మాట వినాలని వాటి నెత్తిన పెట్టే ఆకుపచ్చ చిరుతిండి పొట్లాలు అప్పగించింది. వాటి మీద ‘బుద్ధిగా ఉండు’ అని అచ్చయి ఉంటుంది. గడువు దాటిన పొట్లం ఉంటే మిషను మొరాయిస్తుందని అందరి నమ్మకం. తర్వాత వంట వచ్చి చేరింది, బిల్లులు చేరాయి, మామగారి మందులు చేరాయి. జీతం చేరలేదు. "ఇంటి మనిషికి జీతమేంటే, షెడ్డంతా నీదేగా!" అనేవాడు భర్త మింగ్‌త.

అయినా ఒక రాబడి ఉండేది. "సియోచిన్! ఈ నీలం నూలుకి ఎంత పెట్టమంటావ్?" అని అతను షెడ్డు అవతలి నుంచి కేకేసేవాడు. ఆ కేకే ఆమె జీతం.

యూఫాన్ పనిలో చేరాక అదీ పోయింది. కంప్యూటర్ చదువుకున్న పిల్ల. సియోచిన్ పక్కనే కూర్చుని, ఏ నూలుకు ఎంత బిగువో అడిగి అడిగి ఒక ఫైల్లోకి ఎక్కించింది. ఇక పొద్దున్నే ప్రోగ్రాం ఆ ఫైలు చదువుకుని మిషన్లకు తానే చెబుతుంది. "మా ఇంజినీరమ్మ ఫైలుంటే ఎవర్నీ అడగక్కర్లా!" అని మింగ్‌త వచ్చినవాళ్లకల్లా చెప్పాడు. అన్నం డబ్బాలో పెద్ద గుడ్డు ఆ పిల్లకే వేయమన్నాడు. ఆరు కొట్టగానే అత్తగారు "పాపం అలిసిపోయింది, పంపించెయ్‌రా" అనేది. ఈ ఇంట్లో ఆడది అలిసిపోతుందని ఆవిడకు తెలుసన్నమాట! గుడ్లు ఉడికించిన సియోచిన్‌కు కడుపు మండిపోయింది. మొగుడి మీద అనుమానం కాదు. సరుకు తనది, పేరు ఆ పిల్లది.

మధ్యాహ్నం దీపాలార్పి అందరూ బల్లల మీద తలవాల్చి కునుకు తీసే వేళ, సియోచిన్ ఫైలు తెరిచి మడమ దగ్గరి బిగువు తగ్గించి సేవ్ చేసింది. రేపు మేజోళ్లన్నీ సంచుల్లా జారితే ఇంజినీరమ్మ సంగతి తేలుతుంది. తెల్లారింది, మేజోళ్లు చక్కగా వచ్చాయి. మళ్లీ మార్చింది. మళ్లీ చక్కగా వచ్చాయి. మూడోసారి తల తిప్పేసరికి వెనక యూఫాన్ నిలబడి ఉంది.

"అలా రాస్తే నిలవదక్కా," అంది పిల్ల గొంతు తగ్గించి. ఇన్నాళ్లూ అమ్మగారూ అనేది. "ఈ ప్రోగ్రాం ఫైలుని పొద్దున ఒక్కసారే చదువుతుంది. ఆ తర్వాత ఫైలు వంకే చూడదు. సాయంత్రం కట్టేసేటప్పుడు, పొద్దున తను చదివిందే మీరు రాసినదాని మీద రాసేస్తుంది. ముందు మూయాలి, తర్వాత రాయాలి."

"మీ సారుకి చెప్తావా?"

"ఏమని? ఇందులో అంకెలన్నీ మీవే. నేను అక్షరాలు కొట్టానంతే. ఆ మాట సారుకి చెప్పాను. నవ్వేసి, మా ఆవిడ ఎక్కడికి పోతుందిలే అన్నారు."

సియోచిన్ మళ్లీ తెర వైపు తిరిగింది. మింగ్‌త కూడా పెళ్లయిన తెల్లవారి తనను ఒక్కసారి చదివాడు: వండుతుంది, అడిగితే చెబుతుంది, ఎక్కడికీ పోదు. ప్రతి కొత్త సంవత్సరానికీ జీతం అడిగితే ఊకొట్టేవాడు. పడుకునే వేళకి అంతా చెరిగిపోయి పాత మాటే మిగిలేది. నడుస్తున్న మనిషి మీద ఇన్నేళ్లూ రాస్తూ వచ్చింది తను. అసూయపడింది కూడా తప్పు సరుకు మీద. కావలసింది ఆ పెద్ద గుడ్డు కాదు, ఆ ఆరు గంటలు.

బిగువు అంకె సరిచేసి లేచింది.

మర్నాడు కొత్తగా వెదురు నూలు దిగింది.

"సియోచిన్! దీనికెంత?"

"ఫైల్లో చూడు."

"ఫైల్లో లేదే!"

"అయితే మిషన్లు ఆపు. నా జీతం, ఆరింటికి నా సెలవు ముందు మాట్లాడదాం."

"పని మధ్యలో ఇదేం గోలే? నడవనీ, తర్వాత చూద్దాం."

"నడుస్తుంటే నీకెక్కదు."

మింగ్‌త యూఫాన్ వంక చూశాడు. యూఫాన్ తన అన్నం డబ్బా మూత పెట్టుకుంటోంది. చివరికి అతని చెయ్యే మీటకేసి వెళ్లింది. షెడ్డులో చప్పుడు ఆగింది. సియోచిన్ మిషను మీది ఆకుపచ్చ పొట్లం తీసి, చింపి, అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. గుప్పెడు తను తిన్నది, గుప్పెడు యూఫాన్‌కు పెట్టింది. గడువు ఇంకా చాలా ఉంది. ఇన్నేళ్ల వ్యాపారంలో ఆమె నోటికందిన మొదటి లాభం కొబ్బరి రుచిగా, కరకరలాడుతూ ఉంది.