అడగకముందే

చీర అంచును గడ్డం కింద అదిమిపెట్టి, రెండు చేతులూ బారచాపి, చెంచమ్మ మరో చీర మడతపెట్టసాగింది. గిద్దలూరు బజారులోని ఆ బట్టల దుకాణంలో ముప్పై రెండేళ్లుగా ఆమె పని అదే. కొనేవాళ్లు విప్పి చూసి, నచ్చక వదిలేసిన చీరలను మళ్లీ కొత్తవాటిలా మడిచి అరల్లోకి ఎక్కించాలి. మనిషి పొట్టి, బక్కపలచన. నెత్తి సగం నెరిసింది. వేళ్లు మాత్రం చింతబరికెల్లా సన్నగా, చురుగ్గా కదులుతాయి. ఈ మధ్య మెట్లెక్కితే ఎడమ రొమ్ము కింద పట్టేసినట్టుంటోంది. ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం తేనెరంగు చీర చేతికొచ్చేసరికి ఆమెకు నాయన గుర్తొచ్చాడు. దిగువమెట్ట అవతల, నల్లమల అంచున వాళ్ల గూడెం. నాయన నడుముకు తాడు కట్టుకుని కొండచరియ మీంచి తేనెపట్టుకు దిగేవాడు. పైన తాడు పట్టుకునేది మేనమామ. చెల్లెలి తాళి తన చేతుల్లో ఉందని ఆయన రెప్ప కూడా వేసేవాడు కాదు. పొగ వాసనతో, మైనం అంటిన చేత్తో నాయన తేనెపట్టు ముక్క తుంచి ఆమె నోట్లో పెట్టేవాడు. అప్పట్లో ఆమెకు భయమంటే ఎలుగుబంటి ఒక్కటే.

రెండో భయం బడిలో తెలిసింది. నాలుగో తరగతిలో ఒకరోజు అయ్యవారి పెన్ను కనిపించలేదు. గదిలో నలభై మంది ఉన్నా ఆయన నేరుగా చెంచుపిల్ల దగ్గరికే వచ్చి సంచి బోర్లించాడు. పలక, బలపం ముక్క, దారిలో కోసుకున్న రేగుపళ్లు నేల మీద దొర్లాయి. పిల్లలు నవ్వారు. సాయంత్రం పెన్ను హాజరుపట్టీలో దొరికింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఆమెతో ఏమీ అనలేదు. ఆ తర్వాత ఏది పోయినా అందరూ ఆమె వైపే చూసేవారు. ఎవరూ అడగకముందే సంచి విప్పి చూపించడం ఆమె అలా నేర్చుకుంది. ఏడాదిలో బడి పోయింది గానీ అలవాటు పోలేదు.

దుకాణంలో చేరిన మొదటి సాయంత్రమే గల్లా ముందు నిలబడి సంచి తెరిచింది. ఆనాటి యజమాని సుబ్బయ్య గానీ, ఇప్పుడు గల్లాలో కూర్చునే ఆయన కోడలు కామేశ్వరి గానీ ఎప్పుడూ చూపించమనలేదు. వద్దని కూడా అనలేదు.

బడి వదిలాక మనవరాలు స్రవంతి దుకాణానికి వచ్చి, అవ్వ పని అయ్యేదాకా మూలన కూర్చుని చదువుకుంటుంది. ఆ పిల్లదీ నాలుగో తరగతే. ఆ సాయంత్రం చెంచమ్మ చేతులు తుడుచుకుని వచ్చేలోపే స్రవంతి గల్లా బల్ల మీద తన సంచి పెట్టి, జిప్పు లాగి, పుస్తకాలు ఒక్కొక్కటే తీసి పక్కన పేర్చింది. ఖాళీ సంచి నోరు కామేశ్వరి వైపు తిప్పింది.

కామేశ్వరి నవ్వింది. "చూసినావా చెంచమ్మా, అచ్చం నీ బుద్ధే. ఎంత ఒద్దికో."

చెంచమ్మ నవ్వలేదు. "ఎవురు తియ్యమన్నారు పాపా?"

"ఎవురూ అన్లేదు. నువ్వు తీస్తావు గదవ్వా. మనోళ్లు తియ్యాల గదా."

మనోళ్లు అన్న మాట పిల్ల ఎంత మామూలుగా అందో. చెంచమ్మ పుస్తకాలన్నీ సంచిలో సర్ది జిప్పు లాగింది.

"నీ పుస్తకాలు నీయి. నేను భయానికి నేర్చుకున్న పని అది. నువ్వు నేర్చుకోబాక."

అని కామేశ్వరి వైపు తిరిగి, "పోయొస్తానమ్మా" అంది. తన సంచి భుజానే ఉంది, మూసింది మూసినట్టే. కామేశ్వరి చూపు దాని మీద ఒక్క క్షణం ఆగింది. వెంటనే తల దించుకుని, "పోయిరా" అంది మెల్లగా.

అవ్వా మనవరాలూ ముందు గుమ్మం నుంచే బజారులోకి దిగారు. ఆటోలో దారి పొడుగునా చెంచమ్మ నాయన తేనె తీసిన ముచ్చటే చెప్పింది.

"తాడు తెగితే ఎట్లవ్వా?"

"పైన మామ ఉన్నాడు గదే, యాడ తెగుద్ది" అని నవ్వింది.

తెల్లవారి పిల్ల ఎంత లేపినా ఆమె లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

కబురు మధ్యాహ్నానికి దుకాణం చేరింది. కామేశ్వరి షట్టర్ సగం దించమని చెప్పి, ఏం చెయ్యాలో తోచక వెనక గుమ్మం దాకా వెళ్లింది. పనివాళ్లు వచ్చిపోయేది, చెప్పులు విడిచేది అక్కడే. నిన్న ముందు నుంచి వెళ్లిపోతూ చెంచమ్మ తన చెప్పుల సంగతే మరిచింది. మడమల దగ్గర అరిగిపోయి, తెగిన పట్టీకి ఎర్రటి చీర పీలికతో ముడి వేసి ఉన్న ఆ జత, గోడవారగా పక్కపక్కనే సర్ది ఉంది.