కానుపు గది తలుపు

వడ్రంగి రెండు రోజులు చిత్రిక పట్టి, మరో పూటంతా ఉప్పు కాగితంతో రుద్ది చేసిన బల్లను అతిథి అరచేత్తో నిమిరాడు. నిమిరి పెదవి విరిచాడు.

“చాలా బాగుంది. అందుకే వద్దు,” అన్నాడు.

ముప్పై ఏళ్ళ పనిలో బాగాలేదని తిట్టినవాళ్ళను వడ్రంగి చాలామందినే చూశాడు. బాగుందని వెనక్కి పంపినవాడు మాత్రం ఇతనొక్కడే.

“నాకు నిరాడంబరమైన బల్ల కావాలి. గరుకుగా, పాతగా, పేదగా ఉండాలి.”

“పేదగానా?”

“అవును. నేను ఇక్కడ మీలాగే బతకడానికి వచ్చాను.”

వడ్రంగి ఇంట్లో బల్ల నున్నగానే ఉంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ, దేశం కాని దేశం నుంచి వచ్చిన మనిషి కదా అని మింగేశాడు.

ఈ అతిథి సంగతి పాఠకులకు కొంత చెప్పాలి. ఆయన సముద్రాలు దాటి, ఆరు నెలలపాటు జీతం పుచ్చుకోకుండా ఈ ఊరి ఆసుపత్రికి సేవ చేస్తానని వచ్చిన పెద్దమనిషి. మన భాషను పుస్తకాల్లో చదివి మరీ నేర్చుకున్నాడు. చిందరవందరగా ఉన్న మందుల గదిని ఒక పద్ధతిలో పెట్టడం ఆయన ఒప్పుకున్న పని. ఆసుపత్రికి ఎదురుగా రెండు గదుల ఇల్లు ఇచ్చారు. వచ్చి పదిహేను రోజులైంది. మందుల గది తాళం మాత్రం ఇంకా తీయలేదు. అడిగితే, “ముందు ఒక సాదా ఇల్లు అమర్చుకోనివ్వండి” అంటాడు.

ఆ సాదా ఇంటి కోసం వీధి వీధంతా ఉరుకులు పరుగులు పెట్టింది. గోడలకు తెల్లగా సున్నం వేస్తే మరీ కొత్తగా ఉందని, అక్కడక్కడ వెలిసినట్టుగా మళ్ళీ వేయించాడు. కరెంటు పనివాడి చేత ఫ్యాను విప్పించాడు. ఉక్క భరించలేక మర్నాడే బిగించమన్నాడు. ఫోటోల్లో పడుతోందని మూడోసారి పిలిపించి మూలకు జరిపించాడు. ఇంట్లో కుళాయి ఉండగా నీళ్ళు కుండలోనే ఉండాలన్నాడు. ఆ కుండ నింపే పని పక్కింటావిడ నెత్తిన పడింది. చల్లటి నీళ్ళు లేనిదే ప్రాణం నిలవదు కాబట్టి ఫ్రిజ్ మాత్రం వచ్చింది. అది ఎవరి కంటా పడకుండా దళసరి పరదా కుట్టించి కట్టించాడు. ఇదంతా విని, నెలలు నిండిన వడ్రంగి కూతురు ఆయనకు ‘నిరాడంబరం గారు’ అని పేరు పెట్టింది. ఆ పేరు రెండు రోజుల్లో ఊరంతా పాకింది.

ఆసుపత్రి కమిటీ అధ్యక్షుడు స్వయానా వడ్రంగికి బావమరిది. అతిథి తుమ్మితే తన జేబులోంచి రుమాలు తీసే రకం. నున్నటి బల్ల తిరిగొచ్చిన రోజే అతిథిని వెంటబెట్టుకుని వడ్రంగి కొట్టానికి వచ్చాడు. గోడకు ఆనించి నాలుగు పాత పలకలున్నాయి. కూల్చేసిన గిడ్డంగివి, మందంగా, గట్టిగా ఉన్నాయి. కానుపు గది తలుపు చెదలు తినేసి మూడు నెలలైంది. ఆసుపత్రి నర్సమ్మ గిడ్డంగి వాళ్ళ చుట్టూ తిరిగి, బతిమాలి, కొత్త తలుపు కోసం తెచ్చిన చెక్క అది.

“ఆహా! ఈ చెక్కలో ఎంత జీవితం ఉంది!” అంటూ అతిథి దాన్ని నిమరడం మొదలుపెట్టాడు.

“అది కానుపు గది తలుపుకండీ,” అన్నాడు వడ్రంగి.

బావమరిది మోచేత్తో పొడిచాడు. “ముచ్చటపడ్డారు కదా బావా, ఇచ్చెయ్యి. తలుపుదేముంది? దుప్పటి కట్టి ఉందిగా!”

“ఆ దుప్పటి వెనక రేపు కనబోయేది నీ మేనకోడలేరా.”

“ఇంకా టైముంది బావా. పెద్దాయన ముందు నా పరువు తియ్యకు.”

వడ్రంగి తలూపాడు. ఊపినందుకు ఆ తరువాత తనను తాను చెడామడా తిట్టుకున్నాడు. ఇది మనలో చాలామందికి ఉన్న జబ్బే. దూరం నుంచి వచ్చినవాడు సాయం చేస్తానని అంటే చాలు, చేశాడో లేదో చూడకుండానే చేతులు కట్టుకుని నిలబడతాం.

అయితే వడ్రంగి నోటికి లేని తెగువ చేతులకు ఉంది. మూడు రోజుల్లో బల్ల చేశాడు. ఒక్క మేకు కూడా కొట్టలేదు. కాళ్ళను చెక్క చీలలతో బిగించాడు. బల్ల ఆ గదికి మరీ పొడుగైంది. “ఎంత సహజంగా ఉందో!” అని అతిథి మురిసిపోయాడు.

ఆ మర్నాడు కూతురు ఆసుపత్రిలో చూపించుకుని వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూలబడింది.

“లోపల ఎవరికో నొప్పులొస్తున్నాయి నాన్నా. గాలికి దుప్పటి లేచిపోయింది. చీటీ కోసం వరసలో నిలబడ్డ మగాళ్ళందరూ అక్కడే ఉన్నారు. పాపం, అంత నొప్పిలోనూ ఆవిడ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. అరవడానికి కూడా సిగ్గుపడింది.” చెప్పులు విప్పుతూ అడిగింది. “నాకూ అంతేనా? తలుపెప్పుడు పెడతావు?”

వడ్రంగి లేచి పనిముట్ల సంచీ సర్దుకున్నాడు.

మర్నాడు ఉదయం అతిథి తన ఇల్లు చూడటానికి అందరినీ పిలిచాడు. ఫోటోలు తీసుకుంటున్నాడు. నర్సమ్మ కూడా వచ్చింది. ఆ ఊళ్ళో సగం మందిని తన చేతులతో భూమ్మీదకు తెచ్చిన మనిషి కాబట్టి, ఆమె నోరు తెరిస్తే అధ్యక్షుడు కూడా నోరు మూసుకుంటాడు. ఆమె పరదా ఎత్తి చూసింది.

“దీనికెందుకండీ ఇంత పరదా?”

“ఇంట్లో ఫ్రిజ్ ఉందని నలుగురూ చూస్తే బాగుండదు కదా!”

“మీ ఫ్రిజ్‌కి ఉన్నపాటి మరుగు మా ఆడవాళ్ళకి లేదు. కనేటప్పుడు ఊరంతా చూస్తోంది. ఆ గది తలుపు మీద మీరు భోంచేస్తున్నారు.”

అతిథి బిత్తరపోయాడు. “నాకెవరూ చెప్పలేదే!”

“నేను చెప్పాను,” అన్నాడు గుమ్మంలోంచి వడ్రంగి. భుజాన పనిముట్ల సంచీ ఉంది. “మీ ఎదురుగానే చెప్పాను. మీరప్పుడు చెక్క నిమురుతున్నారు.”

అతను లోపలికి వచ్చి, బల్ల మీది సామాను దించి, సుత్తితో చీలలు వెనక్కి కొట్టాడు. నాలుగు కాళ్ళూ ఊడి వచ్చాయి.

“దీన్ని మొదట్నించీ తలుపు కొలతకే చేశాను. కాళ్ళు తగిలించానంతే. బల్ల కావాలంటే నున్నటిది మా కొట్టంలో ఉంది, తెచ్చుకోండి. ఒరేయ్, నువ్వా చివర పట్టుకో.”

బావమరిది అతిథి మొహంలోకి చూస్తూ కదలకుండా నిలబడ్డాడు. అందరూ తననే చూస్తుంటే, చివరికి అతిథే వంగి రెండో కొస పట్టుకున్నాడు. వచ్చిన తరువాత ఆ ఊరి కోసం ఆయన మోసిన మొదటి బరువు అదే.

మధ్యాహ్నానికల్లా తలుపు నిలబడింది. నాలుగో రోజున వడ్రంగి కూతురికి నొప్పులు వచ్చాయి. ఆమెను లోపలికి తీసుకువెళుతుండగా అతిథి ఫోను పట్టుకుని వచ్చాడు.

“నేనిచ్చిన తలుపు కదా! ఒక్క ఫోటో.”

నర్సమ్మ తలుపుకు చెయ్యి అడ్డం పెట్టింది.

“మీరిచ్చింది కాదు బాబూ. మా దగ్గర తీసుకుని, మాకే తిరిగిచ్చింది. గరుకు బల్ల మీద తిన్నంత మాత్రాన నిరాడంబరం అయిపోదు. మన ముచ్చట కోసం అవతలివాళ్ళ అవసరం ఆగిపోకుండా బతకడం, అదీ నిరాడంబరం. సేవ చెయ్యాలనుంటే ముందు ఏం కావాలో అడగండి, చెప్పింది వినండి. మందుల గది తాళంచెవి అదిగో, ఆ మేకుకి వేలాడుతోంది.”

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. కాసేపటికి వడ్రంగి కూతురు రెండు చేతులతో మంచం పట్టెలు పట్టుకుని, మొహం దాచుకోకుండా, గొంతెత్తి అరిచింది.