కోదండం విప్పిన ఆకాశం

ప్రసూనాంబకు మొగుడి మీద ఫిర్యాదులు చాలానే ఉన్నాయి గానీ, నలుగురిలో చెప్పుకోదగ్గది ఒకటే. చిక్కుపడ్డ పోగు కంటబడితే కోదండం చేతులు ఊరుకోవు. పెళ్లికి పోతే పందిట్లో వేలాడుతున్న లైట్ల తీగకు చిక్కు తీస్తూ, తాళి కట్టడం చూడకుండానే వచ్చేశాడు. తిరుపతి బస్సులో పక్క సీటు కుర్రాడి చెవి వైర్లు అడిగి మరీ తీసుకుని, పుత్తూరు వచ్చేలోపు విప్పి, అందంగా చుట్టచుట్టి చేతిలో పెట్టాడు. పాపం, ఆ కుర్రాడు మళ్లీ దాన్ని విప్పడానికి ధైర్యం చాలక దిగేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అదే ఆమె తన జడ చిక్కు తీసిపెట్టమంటే మాత్రం, "అది నా శాఖ కాదు మే" అంటాడు.

నగరిలో వాళ్లది మరమగ్గాల షెడ్డు. నెలంతా ఆ చప్పుడులో ఇంట్లో మామూలుగా మాట్లాడుకున్నా పోట్లాటలాగే ఉంటుంది. అమావాస్య నాడు మాత్రం నేతవాళ్లు మగ్గం ఆడించరు. కడిగి, బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి వదిలేస్తారు. ఆ ఒక్కరోజు దొరికే నిశ్శబ్దంలోనే వాళ్ల కూతురు హేమశ్రీ షెడ్డులోకి అంతరిక్షాన్ని తెచ్చేది.

ఆమె తీస్తున్న సీరీస్ పేరు 'వెలుగు తెరచాప'. నదులన్నీ ఎండిపోయిన కాలంలో ఒక నేతపిల్ల ఎండతో కదిలే తెరచాప నేసి, దాన్ని నౌకకు కట్టుకుని చుక్కల్లోకి బయలుదేరుతుంది. చిత్తూరు తెలుగులోనే మాట్లాడుతుంది. నెలకొక భాగం, ఫోనులోనే వస్తుంది. డబ్బు పెట్టేది చూసేవాళ్లే. గూడూరు నిమ్మకాయల మండీలో పనిచేసే కృష్ణమూర్తి, ఏర్పేడు హాస్టలు పిల్లలు, కార్వేటినగరంలో జాకెట్లు కుట్టే నాగులమ్మ, ఇంకా మొహాలు తెలియని ఎందరో తలా కొంత వేసుకుంటారు. చివర్లో వాళ్లందరి పేర్లూ వస్తాయి. కథకన్నా పేర్లే పొడుగని ప్రసూనాంబ అంటుంది గానీ, ఒక్కటి వదలకుండా చదువుతుంది.

కిందటేడు ఒక చానెలాయన కారేసుకుని వచ్చాడు. అంతా బాగుందన్నాడు. నౌకలోకి ఒక అత్తగారిని ఎక్కిస్తే, పిల్ల చేత పద్ధతిగా మాట్లాడిస్తే, సాయంత్రం ఏడున్నరకు వేస్తానన్నాడు. హేమశ్రీ కాఫీ ఇచ్చి పంపించేసింది. కోదండానికి అప్పట్నుంచీ కోపం.

"టీవీలో రానిది ఎవురు సూస్తారు మే? నీ ఫోన్లో నువ్వు తీసుకోని, నువ్వే సూసుకో" అన్నాడు కూతురితో. ఆ తర్వాత వాళ్లిద్దరి మాటలూ ప్రసూనాంబ మీదుగానే నడిచాయి. నాయనకు అన్నం వడ్డించమని ఆ పిల్ల, కూతుర్ని గొడుగు తీసుకుపొమ్మని ఈయన. చానెలువాళ్లు జీతమిచ్చి పెట్టుకోదగ్గ వార్తలు మోసే పని ప్రసూనాంబ ఉత్తిపుణ్యానికి చేసింది.

ఇప్పుడు చివరి భాగం. కాలం ముడిపడిన చోటికి నౌక చేరాలి. ఆ ముడిని కంప్యూటర్లో కాకుండా చేతులతో చేస్తామని, ఇంటికొక పోగు పంపమని హేమశ్రీ అడిగింది. పోస్టులో సంచులు వచ్చాయి. చీర అంచులు, లుంగీ పోగులు, స్వెట్టరు ఊలు, చేపల వల ముక్క. పదిహేను రోజులు కూర్చుని వాటన్నిటినీ కలిపి, షెడ్డు దూలం నుంచి నేలదాకా ఒక మహా చిక్కు అల్లింది. ఈ అమావాస్యకే షూటింగు అయిపోవాలి. నేతపిల్లగా వేసే రూపశ్రీ ఉద్యోగం వచ్చి బెంగళూరు పోతోంది. మళ్లీ అమావాస్యకు ఆమె ఉండదు.

ఆ పొద్దున హేమశ్రీ, కెమెరా పట్టే మునిచంద్ర పెద్ద లైటు అద్దెకు తేవడానికి తిరుపతి పోయారు. ప్రసూనాంబ అందరికీ పులిహోర కలుపుతోంది. కోదండం కర్పూరం పళ్లెంతో షెడ్డులోకి పోవడం చూసింది. ఇంకా రాలేదేమని అనుకోలేదు. మొగుడు ఒకచోట కుదురుగా ఉంటే ఎవరు మాత్రం పోయి కదిలిస్తారు?

మధ్యాహ్నానికి హేమశ్రీ వచ్చి షెడ్డు తలుపు తీసింది. దూలం ఖాళీగా ఉంది. కింద కోదండం చిన్న పీట మీద కూర్చుని, విప్పిన పోగును ఆఖరి కండెకు చుడుతున్నాడు. పక్కన బుట్టనిండా కండెలు. ఎరుపు ఎరుపుతో, నీలం నీలంతో, ఊలు విడిగా.

"మగ్గమిల్లు గదా, ఇంత చిక్కు యాలాడతా ఉంటే మంచిది కాదని..." అన్నాడు. కూతురి మొహం చూసి చేతిలో కండె బుట్టలో పెట్టేశాడు.

హేమశ్రీ ఏడవలేదు, అరవలేదు. ఫోను తీసి, సీరీస్ చూసేవాళ్లందరికీ కనబడేలా లైవ్ పెట్టి, బుట్ట చూపించింది. "మీరు పంపిన పోగులే ఇవి. చిక్కు విడిపోయింది. రూపశ్రీ రేపు ఊరెళ్లిపోతాది. కడాకరి భాగం లేదు, ఏమనుకోవద్దండి" అంది. ఎవరు విప్పారో చెప్పలేదు.

కోదండం ఆ మాట కోసమే ఎదురుచూసినట్టు తలొంచుకుని నిలబడ్డాడు. అది రాకపోయేసరికి ఎటు చూడాలో తోచలేదు.

మూడు దాటాక వాకిట్లో ఆటో ఆగింది. దాని వెనక ఇంకొకటి. పుత్తూరు వైపు నుంచి బైకులు వచ్చాయి. ఏర్పేడు పిల్లలు వ్యానులో దిగారు. నడివయసు మనిషి ఒకామె చెప్పులు వాకిట్లో విడిచి నేరుగా లోపలికి వచ్చింది.

"నేను నాగులమ్మను, కార్వేటినగరం. ఫోన్లో సూస్తి. చిక్కు మళ్లా పెట్టాల గదా. యాడుండాయి పోగులు?"

షెడ్డు నిండిపోయింది. ముక్కూమొహం తెలియని జనం నేలమీద చతికిలబడి, కండెలు విప్పి, దూలం మీదికి విసిరి, ముడులు పెట్టసాగారు. కొందరు తమ పోగును గుర్తుపట్టి నవ్వుకున్నారు. నాగులమ్మ వెలిసిన నీలంపోగు ఒకటి వేలికి చుట్టుకుంది.

"మా ఆయన లుంగీది. ఆయన పోయి రెండేండ్లాయ. కథలో ఆ పిల్ల చుక్కల్లోకి పోతా ఉంటే, ఈన్ని కూడా ఎక్కిచ్చుకోని పోతాది గదా అని పంపిస్తి" అంది. "అవునూ, ఇంత పని ఎవురు చేసినారు మే?"

"ఎలకమ్మా. ఇంట్లో పెద్దదొకటి ఉండాది" అంది ప్రసూనాంబ, పులిహోర అందిస్తూ.

కోదండం మూలన నిలబడి ఈ జనాన్ని చూస్తున్నాడు. ఒకరిద్దర్ని ఏ ఊరని అడిగాడు. చెప్పారు. ఆ ఊళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

షట్టరు దించారు. పట్టపగలే చీకటి పడింది. మగ్గాలు మాట్లాడని రోజు కదా, ఊపిరి కూడా వినిపిస్తోంది. పోగుల కొసలు తలా ఒకటి పట్టుకుని గోడల పొడుగునా నిలబడ్డారు. నాగులమ్మ ఒక కొస కోదండం చేతిలో పెట్టింది.

"కదలొద్దు పెద్దాయనా."

మునిచంద్ర చిక్కు వెనక లైటు వెలిగించి మెల్లగా జరిపాడు.

ప్రసూనాంబ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆమె ఎరిగిన షెడ్డు లేదు. నూనె మరకల గోడల్లేవు. పైనుంచి కిందిదాకా వెలుగు వేల దారులు తీసింది. ఎక్కడో లోతులో నీలం, దాని మీద పసుపు, ఇంకా లోపల పేరు తెలియని రంగు. అన్ని చేతుల సన్నని వణుకూ పోగుల వెంట పాకి నడుమకు చేరుతుంటే, అది ఊపిరి తీసుకుంటున్నట్టు ఉబ్బి తగ్గుతోంది. ప్రసూనాంబ డిగ్రీలో చుక్కల గురించి ఒక పాఠం చదువుకుంది. పరీక్ష రాసింది, మర్చిపోయింది. ఆ చుక్కలు ఇంత పెద్దవని ఆ పాఠంలో ఎవరూ చెప్పలేదు.

ఆ వెలుగులోకి రూపశ్రీ నడిచి వచ్చి ఆగింది. హేమశ్రీ కొత్తగా రాసిచ్చిన మాట చెప్పింది.

"యాడికి వచ్చినామో తెల్లేదు. కానీ ఎవురో పట్టుకోనుండారు."

అప్పుడు మూల నుంచి గొంతు వినిపించింది. మునిచంద్ర కంగారుగా హేమశ్రీ వైపు చూశాడు. ఆమె కెమెరా ఆపొద్దని చెయ్యి ఎత్తింది, కట్ అనలేదు.

"పాపా," అన్నాడు కోదండం. చేతిలో పోగు గట్టిగా పట్టుకునే ఉన్నాడు. "ఎవురు సూస్తారని అంటి గదా నిన్ను. సూస్తా ఉండారు. నేను అన్నిందే తప్పు."