దువ్వెనకి తగిలే వేళ్ళు

నవంబరు నెల రెండో ఆదివారం, పొద్దున ఎనిమిదిన్నర. గుడికి బయల్దేరేముందు వడ్రంగి పీట మీద కూర్చున్నాడు. భార్య వెనక నిలబడి తల దువ్వుతోంది. నడినెత్తికి రాగానే దువ్వెన పళ్ళు ఎప్పటిలాగే వేళ్ళకి తగిలాయి.

"తగిలిందా తాతగారూ? చూసుకోలేదు," అందామె.

"తాతగారు కాదు, గడియారాలాయన. తాతగారి చెయ్యి ఎడం పక్కనుంటుంది," అన్నాడు వడ్రంగి కళ్ళు మూసుకునే. "ఇన్నేళ్ళయింది, ఇంకా మా పెద్దల వరసే తెలీదు నీకు."

"కనిపిస్తే కదా తెలిసేది. మీ నెత్తి మీద అందరికీ చోటుంది, నా చేతికి తప్ప."

ఆ ఊరి ప్రెస్బిటేరియన్ క్రైస్తవ సంఘంలో ఇది కొత్త సంగతేం కాదు. సంఘమంతా ఓటు వేసి ఒకణ్ణి సంఘపెద్దగా ఎన్నుకుంటుంది. అతను మోకాళ్ళూనితే, అప్పటికున్న పెద్దలు అతని తల మీద చేతులుంచి ప్రార్థిస్తారు. చెయ్యి వేసినవాడు బతికున్నన్నాళ్ళూ ఆ చెయ్యి అతని దగ్గరే ఉంటుంది. అతని ఊపిరి ఆగిన క్షణాన బయల్దేరి వచ్చి, ఏ తల మీద ప్రార్థించిందో ఆ తల మీదే నిలుస్తుంది. ఆ తల గలవాడు పోయేదాకా ఇక కదలదు. అందుకే అక్కడి పెద్దలెవరికీ టోపీ పట్టదు. మంగలి కూడా కత్తెర పట్టుకుని "కాస్త జరగండయ్యా" అని అందరికీ వినయంగా చెప్పుకుంటాడు.

దేవుడు ఎన్నుకున్నవాణ్ణి చివరిదాకా విడిచిపెట్టడని వాళ్ళ నమ్మకం. మరి పెద్ద అనేవాడే ఘోరం చేస్తే ఆ చేతులు లేచిపోతాయా అని ఎవరైనా అడిగితే, ముసలి పాస్టరుగారు "లేవవు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు. జనం మాత్రం ఒప్పుకునేవాళ్ళు కాదు. "ఎందుకు లేవవూ? చేతులకి మాత్రం సిగ్గుండదా?" అనేవాళ్ళు. వడ్రంగి భార్యా ఆ మాటే అనేది.

అలాగని అది గొర్రెపిల్లల సంఘమేం కాదు. గుడికి పునాది తవ్విన రోజునే మొదటి పెద్దలిద్దరికీ ద్వారం ఎటు పెట్టాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఒకాయన పారతో రెండో ఆయన కన్ను పోగొట్టాడు. తర్వాత ఆ ఇద్దరూ చచ్చేదాకా ఒకే బెంచీ మీద కూర్చుని పాటలు పాడారు. ఈ సంఘానికి పైన బిషప్పు లేడు, పాస్టరు ఒక్కడి మాటా చెల్లదు. ఏదైనా పెద్దలంతా కూర్చుని తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంలోనే ఉంది తంటా అంతా.

ముసలి పాస్టరుగారు పోయాక ఆ చోటు ఖాళీగా ఉంది. వడ్రంగి తమ్ముడు లారీల మెకానిక్కు, సంఘ పెద్దల్లో అందరికంటే చిన్నవాడు. పట్టింది వదలడు గనక ఊరంతా ఉడుమనేవాళ్ళు. తన అల్లుడు పాస్టరు కావాలని పట్టుబట్టాడు. సంఘం ఓటు వేసి వేరే ఊరి మనిషిని ఎన్నుకుంది. దాన్ని పెద్దలు ఖాయం చేయాల్సింది ఈ ఆదివారమే.

మిగతా పెద్దలంతా వడ్రంగికి ముందు ఎన్నికైనవాళ్ళు. కాబట్టి వడ్రంగి తన జన్మలో చెయ్యి వేసింది ఒక్క తల మీదే. అది తమ్ముడి తల.

ఆరాధన అయ్యాక పెద్దలు పక్కగదిలోకి వెళ్ళారు. వడ్రంగి భార్య, కోడలు చివరి బెంచీలో కూర్చున్నారు. గది తలుపు ఓరగా తెరిచే ఉంది.

"మీ ఓట్లు మీరే దాచుకోండి," ఉడుము గొంతు వినిపించింది. "మా నాన్న రాళ్ళు మోసి కట్టిన గుడి ఇది."

"మీ నాన్న ఏవిట్రా, మన నాన్న," అన్నాడు వడ్రంగి. "ఆయన మోసింది రాళ్ళు. అల్లుడికి పల్లకీ కాదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది.

ముందు కుర్చీ విరిగింది. పెద్దల్లో ఒకాయన చెవి పట్టుకుని బయటికి పరిగెత్తాడు, వేళ్ళ సందుల్లోంచి రక్తం చొక్కా మీదికి కారుతోంది. తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని గుళ్ళోకి వచ్చి పడ్డారు. వడ్రంగి ముందు లేచి తమ్ముడికి చెయ్యి అందించాడు. ఉడుము ఆ చెయ్యి అందుకోలేదు. తలుపు వెనకున్న ఇనప అడ్డగడియ అందుకున్నాడు. మొదటి దెబ్బకి అన్న భుజం ఎముక పుటుక్కుమంది. రెండోది కణత మీద పడింది. ఆ పూట పాడే పాటల అంకెలు వేలాడదీసిన బోర్డు మీదికి రక్తం చిమ్మింది.

భార్య పరిగెత్తుకొచ్చి వడ్రంగి తల ఒళ్ళో పెట్టుకుంది. ఆయన కుడిచెయ్యి నేల మీద దేనికోసమో తడుముకుంది. రంపం కింద పడి ఉంగరం వేలు సగమే మిగిలిన చెయ్యి అది. తడిమి తడిమి ఆగిపోయింది. ఆ వెంటనే ఏళ్ళ తరబడి అణిగి ఉన్న ఆయన నడినెత్తి జుట్టు గడ్డిలా మెల్లగా పైకి లేచింది. పెద్దల చేతులు సెలవు తీసుకున్నాయి.

అప్పుడు సంఘం లేచింది. పాటల పుస్తకాలు పట్టుకున్న చేతులే కుర్చీ కాళ్ళు పట్టుకున్నాయి. పిల్లలకి ఆదివారం పాఠాలు చెప్పే ముసలావిడ చెప్పు తీసి ఉడుము మొహం మీద కొట్టింది. అతని పళ్ళు రాలాయి, ఒక కన్ను మూసుకుపోయింది. గంట తాడు విప్పి అతన్ని ముందు బెంచీకి కట్టేశారు.

జ్వరంతో ఇంట్లో పడుకున్న వడ్రంగి కొడుక్కి కబురందింది. బాడిస పట్టుకుని వచ్చాడు. చెక్క చెక్కే ఆ పనిముట్టుకి ముందురోజే వాళ్ళ నాన్న పదును పెట్టాడు. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు.

"పోలీసులొచ్చేలోపే కానీ బాబూ," అన్నాడు చెవి తెగిన పెద్ద. "మేమెవరమూ చూడలేదు."

మిగిలిన పెద్దలు నిజంగానే మొహాలు గోడవైపు తిప్పుకున్నారు.

"ఉరి తీస్తారండీ, ఆగండి!" అంటూ కోడలు మొగుడి చొక్కా పట్టుకుంది. అతను విదిలించుకున్నాడు. కోడలు అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, మీరైనా చెప్పండి. మీ మాట జవదాటరు."

జన్మలో గొంతెత్తి ఎరగని మనిషి ఆమె. లేచి వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకుంటుందనుకున్నారంతా. పట్టుకోలేదు. వంగి, మరిది జుట్టు గుప్పిట పట్టి తల కిందికి వంచింది.

"ఇక్కడ కొట్టు నాన్నా," అంది. "రెండో దెబ్బ అక్కర్లేకుండా."

కొడుకు బాడిస ఎత్తాడు.

"వదినా," అన్నాడు ఉడుము నేలకేసి చూస్తూ. "తొందరగా కానివ్వమను. ఇందాకట్నుంచీ ఈ బరువు మొయ్యలేకపోతున్నాను."

జుట్టు పట్టు సరిచేసుకోబోయి ఆమె ఆగిపోయింది. గుప్పిట కింద వేళ్ళున్నాయి. ఒకటి, రెండు... ఉంగరం వేలు సగమే ఉంది. వేలికొస మీద పాత కుట్ల గీత. ముప్పై ఏళ్ళు తన చేతిలో పట్టుకున్న చెయ్యి, ఇంకా వెచ్చగా ఉంది.

"ఆగు. మీ నాన్న చెయ్యి అడ్డం ఉంది," అంది.

"తియ్యమను!"

"తియ్యండి," అందామె. మొదట మామూలుగా, తర్వాత బతిమాలుతూ. "ఏవండీ, వీడు మిమ్మల్ని చంపాడండీ. తెలుస్తోందా మీకు? తియ్యండి." ఒక్కో వేలూ గోళ్ళతో పెకలించబోయింది. తన గోళ్ళు విరిగాయి, మరిది నెత్తి చీరుకుని రక్తం వచ్చింది. చెయ్యి మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.

"నాన్నా, లే నాన్నా," కొడుకు గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "పక్కకి తియ్యి. నీ చెయ్యి నేనెలా నరకను?"

ఉడుము అప్పుడు ఏడ్చాడు. పళ్ళు రాలిన నోటితో, రక్తం ఉమ్ముకుంటూ ఏడ్చాడు. కొడుకు అరిచిన అరుపుకి గుడి పావురాలన్నీ లేచాయి. బాడిస దిగింది. ఉడుము చెవి పక్కనుంచి వెళ్ళి బెంచీ చెక్కలో పిడిదాకా కూరుకుపోయింది. పోలీసులు వచ్చి తీసుకెళ్ళింది ఉడుమునొక్కణ్ణే.

మర్నాడు పొద్దున కొడుకు పెరట్లో శవపేటిక చేస్తున్నాడు. బెంచీ మేకుకి తగిలి బాడిస నోరు విరిగింది, చెక్కిన ప్రతి పలక మీదా సన్నటి గీత పడుతోంది. కోడలు చెక్కపొట్టు ఊడుస్తోంది. వడ్రంగి భార్య ఆయనకి తెల్ల చొక్కా తొడిగి తల దువ్వింది. దువ్వెన ఎక్కడా తగలకుండా నుదుటి నుంచి మెడ దాకా జారిపోయింది. మళ్ళీ దువ్వింది. మళ్ళీ జారిపోయింది. దువ్వెన కొంగున కట్టుకుని పోలీసు స్టేషనుకి నడిచింది.

"ఏంటమ్మా పని?" అన్నాడు కానిస్టేబులు.

"మా మరిదికి తల దువ్వాలి."

అతను ఆమె విరిగిన గోళ్ళు చూసి, ఇంకేం అడక్కుండా తలుపు తీశాడు. ఉడుము మూలన ముడుచుకుని కూర్చున్నాడు.

"వదినా, నేను..."

"నువ్వు మాట్లాడకు. తల వంచు."

అతను వంచాడు. రక్తంతో అట్టలు కట్టిన జుట్టుని ఆమె చివర్ల నుంచి మెల్లగా చిక్కు తీస్తూ నడినెత్తికి వచ్చింది. దువ్వెన పళ్ళు వేళ్ళకి తగిలాయి.

"తగిలిందా?" అంది. "చూసుకోలేదండీ."